రచ్చబండ నుండి ఓటు దాకా: తెలుగు వికీపీడియా నిర్ణయ నియమాల మూల్యాంకనం – పల్నాటి నేపథ్యం

సంక్షిప్తం: అంతర్జాల సముదాయాలు దేన్ని ఉంచాలి, దేన్ని తొలగించాలి, నిర్వహణ అధికారం ఎవరికి అప్పగించాలి అన్న ప్రశ్నలను చర్చతోను, ఓటుతోను తేల్చుకుంటున్నాయి. ఆ నియమాలు సక్రమంగా పనిచేస్తున్నాయో లేదో దత్తాంశాల ఆధారంగా పరీక్షించే సంప్రదాయం గత పాతికేళ్ళలో రూపుదిద్దుకుంది. ఆ సంప్రదాయాన్ని పరిచయం చేసి, తెలుగు వికీపీడియా వంటి చిన్న సముదాయానికి అది ఎంతవరకు వర్తిస్తుందో పల్నాటి సాహిత్య, చారిత్రక విషయాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రచ్చబండ, ఏకాభిప్రాయం, ఓటు నియమం, తొలగింపు చిట్టా, పల్నాటి వీరగాథ, మౌఖిక సంప్రదాయం.

1. ఉపోద్ఘాతం

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న ఆరంభమైంది. దాని ఆవిర్భావంలో ప్రధాన పాత్ర వహించిన వెన్న నాగార్జున, తెలుగు లిపిని కంప్యూటరుపై చదువుకోవడానికి వీలు కల్పించిన ‘పద్మ’ ఉపకరణ రూపకర్తగా కూడా ప్రసిద్ధులు. రెండు దశాబ్దాల కాలంలో ఆ విజ్ఞాన సర్వస్వం లక్ష వ్యాసాలను దాటింది. నేడు పాఠశాల విద్యార్థి మొదలు పాత్రికేయుని వరకు ఒక ఊరి గురించో, ఒక కవి గురించో తెలుగులో వెదికినప్పుడు మొదట కనిపించే పుట తరచుగా ఇదే. కనుక ఇందులో ఏది నిలుస్తుంది, ఏది తొలగిపోతుంది అన్నది కేవలం సాంకేతిక విషయం కాదు. అది సాహిత్య చరిత్ర రచనకు సంబంధించిన ప్రశ్న.

సాహిత్య చరిత్రకారులు ఒక కవిని స్వీకరించినా, విస్మరించినా దానికి కారణం ఆ గ్రంథకర్త దృక్పథంలో వెదకవచ్చు. వికీపీడియాలో గ్రంథకర్త ఒకరు కారు. అక్కడ స్వీకార తిరస్కారాలను నిర్ణయించేది ఒక నియమం, ఆ నియమాన్ని అమలు చేసే కొద్దిమంది వ్యక్తులు. గ్రంథకర్త దృక్పథాన్ని విమర్శించే పద్ధతులు తెలుగు విమర్శకు బాగా తెలుసు. నియమాన్ని విమర్శించే పద్ధతి మాత్రం ఇంకా అలవడవలసి ఉంది.

2. రచ్చబండ: పేరు, తీరు

తెలుగు వికీపీడియాలో సభ్యులందరూ కలిసి చర్చించుకునే పుటకు ‘రచ్చబండ’ అని పేరు పెట్టారు. ఆంగ్లంలో దానికి సమానమైన పుటకు ఊరి చేతిపంపు పేరుంది. చేతిపంపును అనువదించకుండా రచ్చబండను ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. నీళ్ళ దగ్గర కబుర్లు నడుస్తాయి, రచ్చబండ దగ్గర తగవులు తీరుతాయి. ఊరి నడుమ చెట్టు కింద కూర్చుని పెద్దలు చెప్పిన తీర్పుకు ఊరు కట్టుబడే సంప్రదాయం ఆ పదంలో నిక్షిప్తమై ఉంది. అయితే ఆ పదం వెంట మరొక స్మృతి కూడా వస్తుంది. సంప్రదాయ రచ్చబండపై కూర్చునే అర్హత ఊళ్ళో అందరికీ సమానంగా ఉండేది కాదు. కులం, లింగం, ఆస్తి ఆ అర్హతను నిర్ణయించేవి.

వికీపీడియా రచ్చబండలో అటువంటి అడ్డుగోడలు లేవు. ఎవరైనా వాడుకరిగా చేరవచ్చు, మాట్లాడవచ్చు. సిద్ధాంతరీత్యా అక్కడ నిర్ణయానికి ప్రాతిపదిక ఏకాభిప్రాయం. చర్చకు ఓటు ప్రత్యామ్నాయం కాదన్నది వికీపీడియాల సాధారణ సూత్రం. ఆచరణలో మాత్రం నిర్వాహకుల ఎంపికలోను, కొన్ని తొలగింపు చర్చలలోను అనుకూల, ప్రతికూల అభిప్రాయాలను లెక్కించే పద్ధతి ప్రవేశించింది. సూత్రం చర్చను కోరగా ఆచరణ సంఖ్యను ఆశ్రయించిన ఈ సంధిలోనే పరిశీలించవలసిన సమస్య ఉంది.

3. పూర్వ నమూనాలు: ఉత్తరమేరూరు, కారెంపూడి

నియమాన్ని అనుభవంతో సరిచూసుకోవడం ఆధునికుల ఆవిష్కరణ కాదు. మొదటి పరాంతక చోళుని కాలంలో, క్రీ.శ. 919లో ఉత్తరమేరూరు సభ తన వారియములకు సభ్యులను ఎన్నుకునే విధానాన్ని శాసనబద్ధం చేసింది. రెండేళ్ళకే, 921లో, దాన్ని సవరించి మరింత విపులమైన శాసనం వేయించింది. ముప్పై కుడుంబులలో అర్హుల పేర్లను తాటాకు చీటీలపై రాసి, కుండలో వేసి, ఒక బాలుని చేత తీయించే ఆ పద్ధతి ‘కుడవోలై’గా ప్రసిద్ధి పొందింది. పూర్వం పదవిలో ఉండి లెక్కలు అప్పజెప్పని వారు అనర్హులు. ఆ సభ బ్రాహ్మణ అగ్రహారపు సభ అనీ, భూమి, విద్య, వయస్సు మొదలైన నిబంధనలు అత్యధికులను బయటనే ఉంచాయనీ మరువరాదు. అయినా రెండేళ్ళ వ్యవధిలో నియమాన్ని తిరగరాసుకున్న ఆ సభ, నియమం కూడా పరీక్షకు లోబడవలసిందేనని గుర్తించింది.

పల్నాటి వీరగాథ ఇందుకు భిన్నమైన పాఠం చెబుతుంది. గురజాల నలగామరాజుదీ, మాచెర్ల మలిదేవాదులదీ. దాయాదుల నడుమ నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. పన్నెండో శతాబ్దపు ఆ కలహంలో రాజ్యభాగం కోడిపోరుపై పందెమైంది. ఓడిన పక్షం ఏడేళ్ళ వనవాసానికి వెళ్ళింది. గడువు తీరిన తరువాత భాగం తిరిగి రాలేదు, రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు, చివరకు కార్యమపూడి రణక్షేత్రమైంది. కోడిపోరులో మోసం జరిగిందన్నది గాథా సంప్రదాయంలో బలంగా ఉన్న అంశం.

నిర్ణయ పద్ధతిగా చూస్తే కోడిపోరుకు కొన్ని గుణాలున్నాయి. అది త్వరగా ముగుస్తుంది, ఫలితం అందరి కళ్ళెదుటే తేలుతుంది, ఇరుపక్షాలూ ముందుగానే ఒప్పుకున్నవే. దానికి లేనివి రెండు. పందెం సక్రమంగా జరిగిందో లేదో విచారించే మూడో పక్షం లేదు. తప్పని తేలితే నిర్ణయాన్ని తిరగదోడే మార్గమూ లేదు. ఆ రెండూ లేని చోట స్పష్టమైన నియమం కూడా యుద్ధాన్ని వాయిదా వేయగలదే గాని నివారించలేదు. కారెంపూడిలో నేటికీ కార్తికమాసంలో జరిగే వీరారాధనోత్సవాలలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే ఐదు దినాల క్రమం పాటిస్తారు. రాయబారమూ, కోడిపోరూ వేర్వేరు దినాలుగా నిలవడం వల్ల, మాటతో తేల్చుకునే ప్రయత్నమూ పందెంతో తేల్చుకునే ప్రయత్నమూ రెండూ ఆ ప్రాంతపు సామూహిక స్మృతిలో విడివిడిగా భద్రమయ్యాయి. ఈ రెంటికీ తోడు కులభేదం లేకుండా ఒకే చాపపై కూర్చుని భుజించే చాపకూడు ఉంది. నిర్ణయంలో ఎవరు పాలుపంచుకోవాలన్న ప్రశ్నకు పల్నాడు ఇచ్చిన సమాధానంగా దాన్ని చూడవచ్చు.

4. లెక్కలతో నియమాన్ని పరీక్షించిన అనుభవాలు

అంతర్జాల సముదాయాలలో నియమ పరీక్షకు తొలి ప్రసిద్ధ క్షేత్రం స్లాష్‌డాట్. 1997లో మొదలైన ఈ వార్తాచర్చా వేదికలో వ్యాఖ్యలకు -1 నుండి 5 వరకు విలువ కట్టేవారు. ఆ పని చేసే మధ్యవర్తులు శాశ్వత అధికారులు కారు. అర్హులైన సభ్యుల నుండి యాదృచ్ఛికంగా ఎంపికై, పరిమితమైన పాయింట్లతో కొద్దికాలం మాత్రమే పనిచేసేవారు. కుండలో చీటీ తీసే ఉత్తరమేరూరు పద్ధతికి ఇది వెయ్యేళ్ళ తరువాతి బంధువు. క్లిఫ్ లాంప్, పాల్ రెస్నిక్ 2004లో ఈ వ్యవస్థ దత్తాంశాలను విశ్లేషించారు. మంచి చెడ్డల విషయంలో సభ్యుల మధ్య స్థూలంగా అంగీకారం ఉందని తేలింది. అయితే ఆలస్యంగా వచ్చిన వ్యాఖ్యలకు, ఇతర వ్యాఖ్యలకు జవాబుగా వచ్చినవాటికి, తక్కువ విలువతో మొదలైనవాటికి తగిన పరిశీలన దక్కలేదు. పొరపాటుగా వేసిన విలువలు చాలాసార్లు దిద్దబడలేదు. అంటే లోపం తీర్పరుల అభిరుచిలో కంటే వారి దృష్టి దేనిమీద పడిందన్న దానిలో ఎక్కువగా ఉంది.

రెండవ ఉదాహరణ ఆంగ్ల వికీపీడియా నిర్వాహకుల ఎంపిక. 2008 జనవరి వరకు జరిగిన 2,794 ఎంపికలు, 1,03,663 ఓట్లు, పాల్గొన్న 7,066 మంది వాడుకరుల వివరాలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బహిరంగ దత్తాంశంగా అందించారు. వాటిలో 1,235 ఎంపికలు మాత్రమే సఫలమయ్యాయి. సగటున ఒక్కో ఎంపికకు 37 ఓట్లు. యూరె లెస్కోవెచ్, డేనియల్ హటెన్‌లోకర్, జాన్ క్లయిన్‌బర్గ్ 2010లో చేసిన విశ్లేషణ ప్రకారం, ఓటరు అభ్యర్థి యోగ్యతను మాత్రమే కాక తనతో పోల్చినప్పుడు ఆ అభ్యర్థి స్థాయి ఏమిటన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాడు. కవి పండితుల సభలలో సాటివాని కవిత్వానికి తల ఊపే విషయంలో ఇటువంటి తులనే ఉండేదని సాహిత్య విద్యార్థులకు వేరుగా చెప్పనవసరం లేదు.

మూడవది స్టాక్ ఓవర్‌ఫ్లో. అక్కడ ఒక ప్రశ్నను మూసివేయడానికి, తిరిగి తెరవడానికి ఐదుగురి ఓట్లు కావలసి ఉండేది. తగిన ఓట్లు సమకూరక చాలా ప్రతిపాదనలు మురిగిపోయేవి. 2019లో ఆ సంఖ్యను ప్రయోగాత్మకంగా మూడుకు తగ్గించి, కొంతకాలం గమనించి, ఆ తరువాతే స్థిరపరచారు. మూసివేత ఎంత పెరిగిందన్న ఒక్క సంఖ్యతో తృప్తిపడక, మూసిన తరువాత దిద్దుబాటు ఎంత జరిగింది, తిరిగి తెరిచినవెన్ని అన్నది కూడా చూడడం ఆ ప్రయోగంలోని విశేషం. కోడిపోరులో లేని పునర్విచారణ ఇక్కడ కొలమానంగానే ప్రవేశించింది.

నాలుగవది ప్రభావానికి సంబంధించినది. లెవ్ ముచ్నిక్, సినాన్ అరాల్, షాన్ టేలర్ 2013లో ప్రచురించిన ప్రయోగంలో లక్షకు పైగా వ్యాఖ్యలను తీసుకుని, కొన్నింటికి యాదృచ్ఛికంగా ఒక అనుకూల ఓటును ముందుగా చేర్చారు. ఆ ఒక్క ఓటు వల్ల వాటి తుది విలువ సగటున 25 శాతం పెరిగింది. మొదటి ఓటు కనబడుతున్నప్పుడు రెండవ ఓటు పూర్తిగా స్వతంత్రం కాదని దీని అర్థం.

5. చిన్న సముదాయంలో శాతాల స్వభావం

ఆంగ్ల వికీపీడియాలో 2015 చివర జరిగిన మార్పు తరువాత, నిర్వాహకత్వానికి 65 నుండి 75 శాతం మధ్య మద్దతు వస్తే నిర్ణయం అధికారుల విచక్షణకు వదిలే ఆచారం ఏర్పడింది. నూరుమంది ఓటు వేసే చోట ఒక్క ఓటు విలువ ఒక్క శాతం. అందువల్ల పది శాతం వెడల్పున్న విచక్షణా ప్రాంతానికి అక్కడ అర్థం ఉంది.

ఇదే నియమాన్ని ఐదుగురు ఓటు వేసే చోటికి తెస్తే ఏమవుతుంది? అక్కడ సాధ్యమయ్యే శాతాలు 0, 20, 40, 60, 80, 100 మాత్రమే. విచక్షణా ప్రాంతంలో ఒక్కటీ పడదు. 70 శాతం మద్దతు కావాలన్న నియమం ఆచరణలో 80 శాతపు నియమంగా మారుతుంది. ముగ్గురే ఓటు వేస్తే ఇద్దరి మద్దతు 67 శాతం కనుక నియమం ఏకగ్రీవ నియమమవుతుంది. ఏ ఒక్కరైనా దేన్నైనా ఆపగలరు. నియమం అక్షరాలా అదే అయినా అధికార పంపిణీ పూర్తిగా మారిపోయింది. మూలంలోని మాటను యథాతథంగా అనువదించినా సందర్భం మారితే అర్థం మారుతుందన్న అనువాద సిద్ధాంతం నియమాలకూ వర్తిస్తుంది.

శాతం మరొక విధంగా కూడా భ్రమ కల్పిస్తుంది. ముగ్గురికి ముగ్గురూ ఔనన్న ప్రతిపాదనకు 100 శాతం, 50 మందిలో 45 మంది ఔనన్నదానికి 90 శాతం. మొదటిది మేలైనదిగా కనిపిస్తుంది. ఎడ్విన్ విల్సన్ 1927లో ప్రతిపాదించిన విశ్వాస అవధి సూత్రాన్ని 95 శాతం స్థాయిలో ప్రయోగిస్తే, మొదటిదాని కనిష్ఠ అవధి సుమారు 44 శాతం, రెండవదాని కనిష్ఠ అవధి సుమారు 79 శాతం. రెడ్డిట్ వేదిక 2009 నుండి వ్యాఖ్యలను వరుసపరచడంలో ఈ సూత్రాన్నే వాడింది. చిన్న సముదాయం శాతాన్ని ప్రకటించేటప్పుడు ఓటర్ల సంఖ్యను కూడా ప్రకటించడం, సంఖ్య తక్కువైనచోట గడువు పొడిగించడం ఎందుకు అవసరమో ఈ లెక్క చూపుతుంది.

దీనికి తోడు తెలుగు సమాజానికి సుపరిచితమైన మొహమాటం ఉంది. పేరు పెట్టి బహిరంగంగా ఓటు వేసేచోట, ఓటరూ అభ్యర్థీ ఏళ్ళ తరబడి కలిసి పనిచేసినవారైతే, ప్రతికూల ఓటు వ్యక్తిగత విముఖతగా తోస్తుంది. అటువంటి చోట ఏకగ్రీవాల వరుస కనిపిస్తే అది అంగీకారానికి గుర్తా, మౌనానికి గుర్తా అన్నది ఓట్ల సంఖ్య ఒక్కటే చెప్పలేదు. ఓటు వేయగల స్థితిలో చురుకుగా ఉండి కూడా పాల్గొనని వారెందరో దాని పక్కన ఉంచి చూడాలి. ఆంగ్ల వికీపీడియా 2024లో నిర్వాహకుల ఎన్నికకు రహస్య ఓటును ప్రయోగించిందంటే ఈ ఇబ్బంది తెలుగువారికే పరిమితం కాదని గ్రహించవచ్చు.

6. పల్నాటి విషయాలు: ఓటుకు లొంగేవి, లొంగనివి

నిర్ణయాలన్నీ ఒకే జాతివి కావు. పల్నాటికి సంబంధించిన వ్యాసాలను ఆధారంగా తీసుకుంటే మూడు రకాలు స్పష్టపడతాయి.

మొదటిది ఒప్పుదలకు సంబంధించినది. కార్యమపూడి, కారెంపూడి, కారంపూడి, మాచర్ల, మాచెర్ల. వ్యాసానికి శీర్షికగా ఏ రూపం ఉండాలన్నది ప్రధానంగా సౌలభ్యపు ప్రశ్న. మిగిలిన రూపాలను దారిమార్పులుగా ఉంచవచ్చు కనుక నష్టం స్వల్పం. ఇక్కడ ఓటు చక్కగా పనిచేస్తుంది.

రెండవది వాస్తవానికి సంబంధించినది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. అంతవరకు గుంటూరు జిల్లా కింద ఉన్న గ్రామాల వ్యాసాలలో జిల్లా పేరు మారవలసి వచ్చింది. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు చాలు, ఓటు అక్కరలేదు. అందరూ కాదన్నా గురజాల పల్నాడు జిల్లాలోనే ఉంటుంది.

మూడవది ప్రాముఖ్యతకు సంబంధించినది. ఒక వీరవిద్యావంతుని గురించి, ఒక గ్రామదేవత కొలుపు గురించి, ఒక ఊరి వీరగల్లు గురించి విడి వ్యాసం ఉండదగినదా? చిక్కు ఇక్కడే ఉంది. వికీపీడియా ప్రాముఖ్యతకు గీటురాయి ప్రచురిత మూలాలు. మౌఖిక సంప్రదాయంలో జీవించిన వారికి అవి దుర్లభం.

వీరగాథ చరిత్రనే ఈ గీటురాయిపై పెట్టి చూడవచ్చు. యుద్ధం జరిగింది పన్నెండో శతాబ్దంలో. శ్రీనాథుని పేరుతో ప్రసిద్ధమైన ద్విపద కావ్యం రూపొందింది తరువాతి శతాబ్దాలలో. అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరణతో ‘పల్నాటి వీరచరిత్ర’ అచ్చయింది 1911లో. అలిసెట్టి గాలెయ్య గానం చేసిన పాఠం ఆధారంగా జీన్ రోఘైర్ ఆంగ్లంలో పల్నాటి వీరగాథా గ్రంథాన్ని ప్రకటించింది 1982లో. అంటే గాయకుని నోట శతాబ్దాలుగా నిలిచిన కథకు అచ్చు పుటలో చోటు చాలా ఆలస్యంగా దొరికింది. అచ్చు మూలాలు ఇంకా లేని కాలంలో ఇటువంటి నియమం ఉండి ఉంటే, ఆ కారణంగా ఆ గాథకు విడి వ్యాసం దక్కేది కాదు. నియమం అక్షరాలా సరిగా అమలైనప్పటికీ ఫలితం సాహిత్య చరిత్రకు నష్టమయ్యేది.

దీన్ని కాండోర్సె 1785లో ప్రతిపాదించిన సిద్ధాంతంతో వివరించవచ్చు. స్వతంత్రంగా ఆలోచించే ప్రతి తీర్పరి సరైన నిర్ణయం చేసే సంభావ్యత 0.7 అనుకుంటే, ముగ్గురి మెజారిటీ సరైనదయ్యే అవకాశం 78 శాతం, ఐదుగురిదైతే 84 శాతం. సంఖ్య పెరిగేకొద్దీ మేలు. కాని ఆ సంభావ్యత 0.4 మాత్రమే అయితే ముగ్గురి మెజారిటీ సరైనదయ్యే అవకాశం 35 శాతం, ఐదుగురిదైతే 32 శాతం. విషయం తెలియనివారు ఎంత ఎక్కువమంది ఓటు వేస్తే పొరపాటు అంత స్థిరపడుతుంది. పల్నాటి గాయక సంప్రదాయం గురించి పరిచయం లేని ఐదుగురి ఏకగ్రీవం కంటే ఆ గానాన్ని విన్న ఒక్క పరిశోధకుని ప్రచురిత వ్యాసం విలువైనది కావడానికి కారణం ఇదే.

7. తెలుగు దత్తాంశాలను చదవవలసిన తీరు

వికీపీడియాలో ప్రతి దిద్దుబాటు పేజీ చరిత్రలో నమోదవుతుంది. తొలగింపులు, పునఃస్థాపనలు, నిరోధాలు చిట్టాలలో బహిరంగంగా ఉంటాయి. శాసన పరిష్కర్తకు శిల ఎంతో, ఈ తరం సాహిత్య చరిత్రకారునికి ఈ చిట్టా అంత. దాన్ని చదవడానికి నాలుగు కొలమానాలు ఉపయోగపడతాయి.

ఒకటి, పునఃస్థాపనల నిష్పత్తి: తొలగించిన తరువాత తిరిగి వచ్చిన వ్యాసాలెన్ని. రెండు, కాలవ్యవధి: తొలగింపు ప్రతిపాదనకూ నిర్ణయానికీ మధ్య మూలాలు వెదకడానికి ఎన్ని రోజులు దొరికాయి. మూడు, పాల్గొన్నవారి సంఖ్య, వారిలో పదేపదే కనిపించే పేర్ల వాటా. నాలుగు, నిర్ణయం తరువాత ఆ వ్యాసకర్త రాయడం కొనసాగించాడా, మానుకున్నాడా. చిన్న సముదాయానికి నాలుగవది ప్రాణప్రదం. ఒక వ్యాసం పోయినా మళ్ళీ రాయవచ్చు, రాసేవారు పోతే మళ్ళీ దొరకరు.

2009–2011 మధ్య గూగుల్ సంస్థ యంత్ర సహాయంతో భారతీయ భాషలలోకి వ్యాసాలను అనువదింపజేసినప్పుడు తెలుగులోనూ కృతక వాక్యాలతో కూడిన వ్యాసాలు చేరాయి. వాటిని సంస్కరించాలా, తొలగించాలా అన్న ప్రశ్న సముదాయాన్ని ఏళ్ళ తరబడి వెంటాడింది. తొలగింపు ఎప్పుడూ నష్టమేనని భావించరాదని ఈ అనుభవం హెచ్చరిస్తుంది. నియమం రెండు వైపులా తప్పగలదు: ఉండవలసినది పోవచ్చు, పోవలసినది ఉండవచ్చు. మూల్యాంకనం రెండింటినీ లెక్కించాలి.

దత్తాంశాలకు ఒక పరిమితి ఉంది. తొలగిన వ్యాసం శీర్షిక చిట్టాలో కనిపిస్తుంది గాని పాఠం నిర్వాహకులకు తప్ప ఇతరులకు కనబడదు. మిగిలినవాటిని మాత్రమే చదివి నియమం బాగుందనడం, యుద్ధంలో మిగిలినవారిని మాత్రమే అడిగి యుద్ధచరిత్ర రాయడం వంటిది. అసలు రాయడానికే సంకోచించి విరమించుకున్నవారి జాడ ఏ చిట్టాలోనూ ఉండదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. పెద్ద సముదాయం కోసం రూపొందిన శాతాల నియమం చిన్న సముదాయంలో పేరు మారకుండానే స్వభావం మార్చుకుంటుంది. ఓటు ఒప్పుదలలకు తగినది, వాస్తవాలకు అనవసరం, ప్రాముఖ్యత విషయంలో ప్రమాదకరం. ఏ నియమానికైనా పునర్విచారణ మార్గం, ఆ మార్గం ఎంత తరచుగా వాడబడుతోందన్న లెక్క రెండూ ఉండాలి.

ఈ విషయంలో విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు నిర్దిష్టమైన బాధ్యత ఉంది. తంగిరాల వెంకటసుబ్బారావు వంటి పరిశోధకులు వీరగాథలపై చేసిన కృషి నేడు ఆ విషయాలకు మూలంగా నిలుస్తోంది. మాచెర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాలలో గాయకులపై, కొలుపులపై, వీరగల్లులపై జరిగిన క్షేత్ర పరిశోధనలు సిద్ధాంత గ్రంథాలుగా బీరువాలలో ఉండిపోయినంత కాలం, మూలం అడిగే నియమం ముందు ఆ విషయాలు నిలబడలేవు. వాటిని అచ్చువేసి అందుబాటులోకి తేవడం వల్ల ఓటరు సంఖ్య పెరగకపోయినా తీర్పరి జ్ఞానం పెరుగుతుంది. కాండోర్సె లెక్కలో 0.4 నుండి 0.7కు చేరే దారి అదే. రచ్చబండపై ఎందరు కూర్చున్నారన్నదానితో పాటు వారి ముందు ఏ సాక్ష్యం ఉంచామన్నది కూడా తీర్పును నిర్ణయిస్తుంది. ఆ సాక్ష్యాన్ని సమకూర్చగలిగినవారు తెలుగు పరిశోధకులే.